క్యాంపర్ వ్యానులో ట్యూబులర్ తీసి లిథియం: ఆల్టర్నేటర్, ఫ్యూజు, మన ఎండ

కావలి_ట్రావెలర్

అందరికీ నమస్కారం. బండి ఫోర్స్ ట్రావెలర్, 12 వోల్టులది. లోపల పడక, వంటగట్టు, చిన్న ఫ్రిజ్ ఉన్నాయి. వెనక 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత పట్టుకుంటుందో చెప్పే లెక్క) ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు సమాంతరంగా, వాటి మీద 1500 వాట్ల ఇంటి ఇన్వర్టర్. ఇంజిన్ బ్యాటరీకీ వాటికీ మధ్య వోల్టేజీ చూసి కలుపుకునే రిలే ఉంది. అక్కడి నుంచి వెనక్కి 10 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు, రాగి మందం) కేబులు 5 మీటర్లు. సోలార్ లేదు, పెట్టాలి.

ట్యూబులర్లు చివరికొచ్చాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి మారుదామని. వాడకం ఇదీ: 45 వాట్ల 12 వోల్టుల ఫ్రిజ్ రోజంతా, 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు రాత్రి 10 గంటలు, లైట్లు 20 వాట్లు 5 గంటలు, ల్యాప్‌టాప్ 60 వాట్లు 4 గంటలు, నీళ్ల మోటారు 20 నిమిషాలు, 750 వాట్ల మిక్సీ 10 నిమిషాలు, 700 వాట్ల రైస్ కుక్కర్ అరగంట.

ప్రశ్నలు: ఎన్ని ఏహెచ్ కావాలి? ఉన్న రిలే, కేబులు పనికొస్తాయా? ఇంటి ఇన్వర్టర్ ఉంచుకోవచ్చా?

ఒంగోలు_వైరింగ్

ముందు రోజు ఖర్చు తేల్చుకుందాం.

మే నెలలో ఫ్రిజ్ కంప్రెసర్ 60 శాతం సేపు తిరుగుతుందనుకోండి, 650 వాట్ అవర్లు. ఫ్యాన్లు 560. లైట్లు 100. మోటారు 20. ఇవన్నీ నేరుగా 12 వోల్టుల మీద నడిస్తే 1,330. ల్యాప్‌టాప్ 240, మిక్సీ 125, కుక్కర్ 350 కలిపి 715. ఇవి ఇన్వర్టర్ గుండా వస్తాయి కాబట్టి నష్టం కలుపుకుని 820. మొత్తం 2,150.

ఇందులో చాలామంది వదిలేసే లెక్క ఒకటుంది. ఏ లోడూ లేకపోయినా ఇన్వర్టర్ ఊరికే 15 నుంచి 20 వాట్లు తింటుంది. 24 గంటలూ ఆన్‌లో ఉంచితే 400 వాట్ అవర్ల చుట్టూ పోతుంది, అంటే రోజూ ఒక కుక్కర్ వంట కంటే ఎక్కువ. మీ ఫ్యాన్లు 230 వోల్టులవి అయితే వాటికోసమే ఇన్వర్టర్ రాత్రంతా మేలుకొని ఉండాలి. 12 వోల్టుల బీఎల్‌డీసీ ఫ్యాన్లు సోలార్ సామాను అమ్మే చోట దొరుకుతాయి. బ్యాటరీ కొనకముందే అవి మార్చండి.

100 ఏహెచ్ లిథియం అంటే 12.8 వోల్టుల లెక్కన 1,280 వాట్ అవర్లు. 200 అయితే 2,560. అందులో 90 శాతం నిశ్చింతగా వాడొచ్చు, 2,300. మీ రెండు ట్యూబులర్లు కాగితం మీద 3,600, ఆయుష్షు కాపాడుకోవాలంటే వాడదగింది సగం, 1,800. పైగా కుక్కర్ లాంటి పెద్ద లోడు పెడితే లెడ్ యాసిడ్ ఇచ్చేది ఇంకా తగ్గుతుంది; లిథియంలో ఆ తరుగు లేనట్టే. 200 ఏహెచ్‌తో పాటు సోలార్ ఉంటే మీకు సరిపోతుంది. బరువు కూడా నూరు కిలోల పైనుంచి పాతికకి దిగుతుంది.

గూడూరు_జంక్షన్

రిలే ఎందుకు తీయాల అన్నా? బాగానే పనిచేస్తా ఉండాది గదా. కేబులు సన్నది కాబట్టి కరెంటు తనంతట తనే తగ్గుద్ది. ఆ డబ్బు సోలార్ మీద పెట్టుకోవచ్చు.

ఆటోనగర్_నెల్లూరు

గూడూరు అన్నా, ఆ మాట చాలా మంది చెప్తారు, కానీ లిథియంతో అది చెల్లదు. మూడు కారణాలు ఉండాయి.

ఒకటి, ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) వేడి. ట్యూబులర్ కొంచెం నిండగానే లోపలి వోల్టేజీ పెరిగి కరెంటు తగ్గించుకుంటుంది. లిథియం అట్టా తగ్గించుకోదు, దాదాపు నిండే దాకా ఇచ్చినంతా తాగుతుంది. 90 ఆంప్స్ అని ప్లేట్ మీద రాసున్న ఆల్టర్నేటర్ అయినా ఐడిల్‌లో అంత ఇవ్వలేదు, పైగా ఆ వేగంలో దాని ఫ్యాన్ గాలి కూడా తక్కువ. ఏసీ బ్లోయర్, హెడ్‌లైట్లు తీసుకొనేది తీసుకోగా మిగిలిందంతా వెనక్కి లాగితే టోల్ గేటు క్యూలో, రైల్వే గేటు దగ్గర వైండింగు కాలేది అప్పుడే. సన్న కేబులు కాపాడుద్ది అనేది సగం నిజం. కరెంటు కొంత తగ్గుద్ది, తగ్గిన మేర కేబులే వేడెక్కుద్ది.

రెండు, రిలే విడిపోదు. ఆ రిలే 13.3 దగ్గర కలిసి 12.8 దగ్గర విడిపోయేట్టు చేసుంటారు. ఇంజిన్ ఆపినాక లెడ్ యాసిడ్ 12.7కి దిగుద్ది, రిలే విడిపోద్ది. లిథియం ఊరికే ఉన్నప్పుడే 13.2, 13.3 చూపిస్తుంది. రిలేకి ఇంజిన్ ఆగిందని తెలియదు, రాత్రంతా కలిసే ఉంటుంది. లిథియం పోయి ఇంజిన్ బ్యాటరీని పోషిస్తా కూర్చుంటుంది.

మూడోది అన్నింటికన్నా ప్రమాదం. బ్యాటరీ నిండి గానీ వేడెక్కి గానీ లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఒక్కసారిగా తెంచేస్తే, అప్పటిదాకా పోతున్న కరెంటుకి దారి ఉండదు. ఆల్టర్నేటర్ వోల్టేజీ ఎగురుతుంది, డయోడ్లు పోతాయి, కొన్నిసార్లు బండి ఎలక్ట్రానిక్స్ కూడా.

కాబట్టి రిలే పూర్తిగా తీసేసి దాని చోట డీసీ-డీసీ ఛార్జర్ (ఆల్టర్నేటర్ కరెంటుని హద్దులో పెట్టి లిథియంకి ఇచ్చేది) పెట్టాల. 12 వోల్టుల నుంచి 12 వోల్టులకి, 30 ఆంప్స్‌ది చాలు. విక్ట్రాన్ కంపెనీ ఓరియన్ స్మార్ట్ 12/12-30 లాంటిది. బయటికి 30 ఇవ్వడానికి లోపలికి 36 దాకా తీసుకుంటుంది, ఆల్టర్నేటర్ మీద అంతకు మించి పడదు. నెల్లూరు నుంచి ఒంగోలు రెండు గంటలు తోలితే 60 ఏహెచ్ వెనకపడుద్ది. 50 ఆంప్స్‌ది పెట్టే ముందు ఆల్టర్నేటర్ ప్లేట్ చదవండి, అందులో సగం కన్నా ఎక్కువ అడగొద్దు.

ఇంజిన్ బ్యాటరీ మాత్రం లెడ్ యాసిడ్‌దే ఉంచండి. దాన్ని ముట్టుకోవద్దు.

గూడూరు_జంక్షన్

విడిపోదన్న సంగతి ఆలోచించలా. అయితే కేబులు 10 స్క్వేర్‌దే ఉంచుకోవచ్చా?

ఆటోనగర్_నెల్లూరు

లెక్క చూడండి. రాగి నిరోధం మీటరుకి, ఒక స్క్వేర్‌కి 0.0175 ఓమ్. 5 మీటర్లు పోను, 5 రాను, మొత్తం 10. 10 స్క్వేర్ కేబులుకి 0.0175 ఓమ్, 36 ఆంప్స్‌కి 0.63 వోల్టు పోయినట్టే. 16 స్క్వేర్ అయితే 0.39. 25 అయితే 0.25.

0.63 పోతే ఏమైద్దంటే, ఛార్జర్ ఇన్‌పుట్ వోల్టేజీ చూసి ఇంజిన్ నడుస్తుందా లేదా తేల్చుకునే రకం అయితే, లాగగానే వోల్టేజీ పడుద్ది, ఇంజిన్ ఆగిందనుకొని మానేస్తుంది. మానగానే వోల్టేజీ లేస్తుంది, మళ్లీ మొదలు. నిమిషానికోసారి ఆన్, ఆఫ్. ఛార్జర్ చెడిపోయిందని వెనక్కి పంపేవాళ్లు ఉండారు, చెడింది కేబులు.

16 స్క్వేర్ తగ్గొద్దు, 25 దొరికితే మంచిది. ఛార్జర్‌ని వెనక లిథియం పక్కనే బిగించండి. నెగటివ్ కోసం చాసీని నమ్ముకోవద్దు, తుప్పు పట్టిన బోల్టు ఒక్కటి చాలు, వైరే వెయ్యండి. 60 ఆంప్స్ ఫ్యూజు రెండు చివర్లా, ఇంజిన్ బ్యాటరీ దగ్గర ఒకటి, వెనక ఒకటి. ఎందుకంటే ఈ కేబులుకి రెండు వైపులా బ్యాటరీ ఉండాది. ఛార్జర్‌కి రిమోట్ టెర్మినల్ ఉంటే ఇగ్నిషన్ వైరు దానికి ఇవ్వండి, వోల్టేజీ ఊహలతో పని ఉండదు.

పొదిలి_ఎండ

ఇంటర్నెట్‌లో చదివేదంతా చలిదేశాలవాళ్లు రాసింది. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, హీటర్ ప్యాడ్ ఉన్న బ్యాటరీ కొనాలి అని. సున్నా కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, అది నిజమే. లడఖ్ పోయేవాళ్లకి అది అవసరం. మనకి కాదు. హీటర్ కోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు.

మన శత్రువు వేడి. మే నెలలో పొదిలి, మార్కాపురం వైపు బయటే 43, 44 ఉంటే అద్దాలు బిగించి ఎండలో నిలబెట్టిన బండి లోపల 60 దాటుతుంది. చాలా ప్యాకుల్లో బీఎంఎస్ 55 దగ్గర ఛార్జింగ్, 60 నుంచి 65 దగ్గర వాడకం ఆపేస్తుంది. మధ్యాహ్నం రెండింటికి ఫ్రిజ్ ఆగిపోయి, ప్యానెల్ మీద ఎండ కాస్తున్నా ఛార్జ్ ఎక్కకపోతే బ్యాటరీ పాడైందని కంగారు పడతారు. అది తనని తాను కాపాడుకుంటోంది.

ఆగిపోవడం చిన్న నష్టం. ఏళ్ల తరబడి 45 డిగ్రీల్లో నిండుగా ఉంచడం పెద్ద నష్టం, కెపాసిటీ లోలోపల తరిగిపోతుంది. అందుకని:

చోటు ముఖ్యం. సైలెన్సర్ పోయే వైపు ఫ్లోరు మీద వద్దు, వెనక అద్దం కింద ఎండ పడే చోట వద్దు, పైకప్పు దగ్గర పెట్టెలో అసలే వద్దు. డ్రైవర్ వెనక సీటు కింద, ఫ్లోరు మీద 12 ఎంఎం ప్లైవుడ్ ముక్క వేసి దాని మీద. చుట్టూ రెండు వేళ్ల సందు. పెట్టెకి కింద ఒక జాలీ, పైన ఒక జాలీ, పైదానికి 80 ఎంఎం 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్, 38 డిగ్రీలకి కలిసే ఉష్ణోగ్రత స్విచ్. ఆ ఫ్యాన్ తినేది రెండు వాట్లు.

డీసీ-డీసీ ఛార్జర్‌ని అదే పెట్టెలో దూర్చొద్దు. అది 30 ఆంప్స్ ఇచ్చేటప్పుడు 50, 60 వాట్ల వేడి వదులుతుంది, 40 డిగ్రీలు దాటితే తన అవుట్‌పుట్ తానే తగ్గించుకుంటుంది. బయట నిలువుగా, రెక్కలు పైకీ కిందికీ ఉండేలా బిగించాలి.

బండి నెలరోజులు ఆగి ఉంటే 50 శాతం దగ్గర వదిలి మెయిన్ స్విచ్ తీసెయ్యండి. నిండుగా వదలొద్దు.

కావలి_ట్రావెలర్

డ్రైవర్ వెనక సీటు కింద చోటుంది, సైలెన్సర్ రెండో వైపు. అక్కడే పెడతాను. ఇక ప్యాక్ రెడీమేడ్ కొనాలా, సెల్స్ తెచ్చి కట్టుకోవాలా?

కంభం_సెల్స్

కట్టుకోవడం చేతనైతే 280 ఏహెచ్ ప్రిస్మాటిక్ (పలక డబ్బా ఆకారపు) సెల్స్ నాలుగు వరసగా కలిపితే 3,584 వాట్ అవర్లు, సెల్ ఒక్కోటి 5.4 కిలోలు. కానీ ఇంట్లో నిలకడగా ఉండే బ్యాటరీ వేరు, భైరవకోన దారిలో కుదుపులు తినే బ్యాటరీ వేరు. సెల్స్ మధ్య ఎపాక్సీ షీట్, రెండు చివర్లా గట్టి ప్లేట్లు, రాడ్లతో బిగింపు, వంగే బస్‌బార్లు (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీలు) ఇవన్నీ లేకుండా వ్యానులో పెట్టొద్దు. గట్టి బస్‌బార్ కుదుపుకి టెర్మినల్‌ని లాగుతుంది. సెల్ టెర్మినల్ అల్యూమినియం, దారం ఒకసారి పోతే ఆ సెల్ పోయినట్టే. టార్క్ డేటాషీట్‌లో ఎంతుంటే అంతే, చేత్తో అంచనా వద్దు. కలిపే ముందు నాలుగింటినీ సమాంతరంగా పెట్టి బెంచ్ సప్లైతో 3.65 వోల్టులకి తీసుకెళ్లి, కరెంటు దాదాపు సున్నాకి దిగేదాకా ఆగాలి. ఇది చేయకుండా మొదలుపెడితే ఒక సెల్ ముందు నిండి బీఎంఎస్ మాటిమాటికీ తెంచుతుంది.

మొదటిసారి అయితే రెడీమేడ్ 100 ఏహెచ్‌వి రెండు కొనండి. కొనేటప్పుడు చూడాల్సినవి చెప్తాను.

తూకం. నిజమైన 100 ఏహెచ్ ఫాస్ఫేట్ ప్యాకు 10 నుంచి 13 కిలోలుంటుంది. 9 కిలోల లోపుంటే అందులో 100 లేదు.

లోపల ఏ సెల్స్. స్థూపాకారపు 32650 సెల్స్‌తో కట్టినవి చాలా వస్తున్నాయి, 6 ఏహెచ్‌వి 68 సెల్స్. సెల్ చెడ్డది కాదు. వాటిని కలిపే నికెల్ పట్టీ పలచనిదైతే సోలార్ వీధి దీపానికి చాలుతుంది, 70 ఆంప్స్ చుట్టూ లాగే మిక్సీకి చాలదు.

బీఎంఎస్ ఎంత. 200 ఏహెచ్ అని రాసి లోపల 100 ఆంప్స్ బీఎంఎస్ పెడితే ఇన్వర్టర్ నష్టం పోను అది 1100 వాట్లు దాటి ఇవ్వలేదు. మీ 1500 వాట్ల ఇన్వర్టర్ నిండుగా లాగితే 136 ఆంప్స్. 100 బీఎంఎస్ ఉన్న ప్యాకులు రెండయితే చెరో 68, హాయిగా ఉంటాయి.

ఇంకో మాట. స్కూటర్లలోంచి తీసిన ప్యాకులు చవగ్గా వస్తున్నాయి. వాటిలో ఎక్కువ ఎన్ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్) రకం. నాలుగు వరసగా పెడితే 16.8 వోల్టులకి పోతుంది, మూడు పెడితే 12.6కే ఆగుతుంది, 12 వోల్టుల బండికి రెండూ అతకవు. వేడికి అవి ఫాస్ఫేట్ కంటే చాలా త్వరగా అదుపు తప్పుతాయి. మనుషులు పడుకునే బండిలో పెట్టనే వద్దు.

కంభం_సెల్స్

కెపాసిటీ పరీక్ష చెప్పడం మర్చిపోయాను. పూర్తిగా నింపి, 55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు నాలుగు సమాంతరంగా వెలిగించండి. 18 ఆంప్స్ చుట్టూ లాగుతాయి. 100 ఏహెచ్ ప్యాకు అయిదున్నర గంటలు రావాలి. అయిదు లోపు ఆగిపోతే వారంటీ ఉండగానే వెనక్కి ఇవ్వండి. బల్బులు చేయి పెట్టలేనంత వేడెక్కుతాయి, సిమెంటు గచ్చు మీద పెట్టండి.

ఒంగోలు_వైరింగ్

రెండు ప్యాకులు సమాంతరంగా కలిపేటప్పుడు విడివిడిగా నిండా ఛార్జ్ చేసి, కొన్ని గంటలు వదిలి, వోల్టేజీ తేడా 0.05 లోపు ఉన్నాకే కలపండి. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉండగా కలిపితే మధ్యలో పారే కరెంటుకి లగ్గు (కేబులు చివర నొక్కే రాగి తొడుగు) దగ్గర మెరుపు లేస్తుంది. ప్లస్ ఒక బ్యాటరీ నుంచి, మైనస్ రెండో బ్యాటరీ నుంచి తీయాలి. మధ్య కేబుళ్లు ఒకే పొడవు. పాత ట్యూబులర్లని లిథియంతో కలిపి వాడుకుందామని ఎవరైనా చెప్తే వినొద్దు.

ఫ్యూజు సంగతి విడమరిచి చెప్పాలి. లిథియం షార్ట్ అయితే వేల ఆంప్స్ వస్తాయి. లోపలి నిరోధం అంతా కలిపి మూడు మిల్లీ ఓమ్ అనుకున్నా 4,000 పైన. బీఎంఎస్ ఉంది కదా అంటారు. ఆ దెబ్బకి అందులోని మాస్‌ఫెట్‌లు (ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) కాలి అతుక్కుపోతే అది మూసిన స్విచ్చే. కారు స్టీరియో షాపులో దొరికే బంగారు రంగు ఫ్యూజులు అంత కరెంటుని తెంచలేవు, తెగిన సందులోంచే మంట దాటుతుంది. క్లాస్ టీ ఫ్యూజు తెప్పించుకోగలిగితే మంచిదే, అది 20,000 ఆంప్స్ దాకా తెంచుతుంది. మన దగ్గర సులువైన దారి రైస్ మిల్లులకీ రొయ్యల చెరువుల మోటార్లకీ సామాను అమ్మే షాపుల్లో దొరికే డిన్ టైపు హెచ్ఆర్‌సీ ఫ్యూజు (పెద్ద షార్ట్ కరెంటుని తెంచగల రకం), బేస్‌తో సహా. దాని మీద డీసీ రేటింగ్ ముద్రించి ఉండాలి, అది చూసి తీసుకోండి. ఇన్వర్టర్ దారికి 200 ఆంప్స్‌ది, 1 సైజు; ఒక్కో బ్యాటరీ ప్లస్ మీద 125, 00 సైజు. బ్యాటరీ టెర్మినల్‌కి జానెడు లోపే ఉండాలి. ఫ్యూజుకి ముందున్న కేబులుకి దిక్కు లేదు.

హెచ్ఆర్‌సీ షార్ట్‌ని క్షణంలో తెంచుతుంది, కొంచెం ఎక్కువ లోడుని చాలాసేపు ఓర్చుకుంటుంది. అందుకే కేబులు దానికంటే గట్టిదవ్వాలి. ఇన్వర్టర్‌కి 50 స్క్వేర్, మీటరున్నర దాటకుండా. వెల్డింగ్ కేబులు బాగా వంగుతుంది, కానీ కోసి చూసి అచ్చంగా రాగి అని తేల్చుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం చాలా తిరుగుతోంది. బ్లేడుతో పోగు గీకితే లోపల తెలుపు కనిపిస్తుంది.

మైపాడు_ఉప్పుగాలి

తీరం వెంబడి తిరిగే బండ్లకి ఒక సంగతి. మైపాడు, రామాయపట్నం, కొత్తపట్నం ఎక్కడైనా రెండు రాత్రులు ఉంటే చాలు, ఉప్పు తేమ లగ్గుల్లోకి ఎక్కుద్ది. తగరం పూసిన రాగి లగ్గులే వాడండి. సుత్తితో కొట్టి నొక్కినవి వద్దు, హైడ్రాలిక్ క్రింపరుతో ఆరు పలకల డై మీద నొక్కించండి. ఆటోనగర్‌లో కేబుల్ పని చేసే వాళ్ల దగ్గర ఉంటుంది. పైన లోపలి జిగురున్న హీట్ ష్రింక్. బిగించినాక టెర్మినల్ పైన పెట్రోలియం జెల్లీ పలచగా పూయండి. బిగించక ముందు, రెండు లోహాల మధ్య పూయొద్దు.

వరస కూడా తప్పుతారు: బ్యాటరీ టెర్మినల్, దాని మీద నేరుగా లగ్గు, ఆ పైన ప్లెయిన్ వాషరు, స్ప్రింగ్ వాషరు, నట్టు. వాషరు కిందికి పోతే కరెంటంతా ఆ స్టీలు వాషరు గుండా పోయి అది ఎర్రబడుద్ది.

కావలి_ట్రావెలర్

ఇన్వర్టర్ గురించి ఎవరూ చెప్పలేదు. సోలార్‌కి 540 వాట్ల ఇంటి ప్యానెల్ ఒకటి పైన పెడదామని.

ఒంగోలు_వైరింగ్

ఇన్వర్టర్ ఉంచుకోవచ్చు, ఒక షరతు మీద. ట్యూబులర్ మోడ్‌లో అది 14.6 దాటించవచ్చు, అప్పుడప్పుడు ఈక్వలైజ్ (వోల్టేజీ ఇంకా పెంచి నింపడం) చేసేవీ ఉన్నాయి. ఎస్ఎంఎఫ్ (నీళ్లు పోయక్కర్లేని సీల్డ్ బ్యాటరీ) మోడ్‌కి గానీ, ఉంటే లిథియం మోడ్‌కి గానీ మార్చి, కరెంటు ప్లగ్గు పెట్టి నిండే దాకా మల్టీమీటరుతో కాపలా కాయండి. 14.4 దాటకపోతే సరే. దాటితే దాని ఛార్జింగ్ వాడొద్దు, విడిగా లిథియం ఛార్జర్ కొనుక్కోండి. ఇంకోటి, ఆ ఇన్వర్టర్లు 10.5 చుట్టూ గానీ ఆగవు. లిథియంకి 12.0 అంటేనే పది శాతం మిగిలినట్టు. బీఎంఎస్ తెంచేదాకా రానివ్వకుండా 12.0 దగ్గర లోడు తీసే ఏర్పాటు ఉండాలి.

ప్యానెల్: 540 వాట్లదానికి ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (లోడు లేనప్పటిది) 49.5 చుట్టూ, కాబట్టి 12 వోల్టుల పీడబ్ల్యూఎం కంట్రోలరు (ప్యానెల్‌ని బ్యాటరీకి నేరుగా కలిపే రకం) పనికిరాదు. ఎంపీపీటీ (ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీకి తగ్గట్టు మార్చే కంట్రోలరు) కావాలి. విక్ట్రాన్ 100/30 (100 వోల్టులు, 30 ఆంప్స్ హద్దు) అయితే 12 వోల్టుల మీద 440 వాట్ల దాకా ఇస్తుంది. పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్ మన ఎండలో వేడెక్కి ఎలాగూ 400 చుట్టూనే ఇస్తుంది, పెద్ద నష్టం లేదు. రోజుకు 1,800 నుంచి 2,000 వాట్ అవర్లు ఆశించవచ్చు. రెండో ప్యానెల్ తర్వాత కలుపుదామనుకుంటే వరసగా మాత్రం కలపొద్దు, 99 వోల్టులవుతుంది. జనవరి తెల్లవారుజామున నల్లమలలో చలికి వోల్టేజీ ఇంకా పెరిగి వంద దాటి కంట్రోలరు పోతుంది.

ప్యానెల్ దారిలో ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ వద్దు. డీసీ రేటింగు ఉన్న రెండు పోల్సుది, గుర్తు చూసి సరైన దిక్కులో.

సెట్టింగులు ఎంపీపీటీకీ డీసీ-డీసీకీ ఒకటే: అబ్జార్ప్షన్ (నింపే చివరి దశ) 14.2, గంట సేపు, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచేది) 13.5, ఈక్వలైజేషన్ ఆపు, టెంపరేచర్ కాంపెన్సేషన్ సున్నా. చివరిది మర్చిపోతారు, అది లెడ్ యాసిడ్ కోసం పెట్టింది.

పొదిలి_ఎండ

ఎండాకాలం 14.2 కూడా ఎక్కువే అంటాను. 13.8 పెట్టినా, కొంచెం ఆలస్యంగానైనా నిండుతుంది. సెల్ మీద ఒత్తిడి తక్కువ.

కంభం_సెల్స్

నిండుతుంది, కాదనను. కానీ చాలా బీఎంఎస్‌లు సెల్ 3.4 దాటాకే బ్యాలెన్సింగ్ (సెల్స్ అన్నిటినీ సమం చేయడం) మొదలుపెడతాయి. 13.8 అంటే సెల్‌కి 3.45, అంచు మీదే. ఏళ్ల తరబడి అక్కడే ఆపితే సెల్స్ మధ్య తేడా పేరుకుంటుంది. మే, జూన్ నెలల్లో 13.8 పెట్టుకోండి, నెలకోసారి మాత్రం 14.2కి పెంచి రెండు గంటలు వదలండి. తేడా 0.03 వోల్టు లోపుంటే బాగున్నట్టు.

పొదిలి_ఎండ

సరే, ఇది ఒప్పుకుంటాను. ఆ నెలకోసారి తెల్లవారుజామున, బండి చల్లగా ఉన్నప్పుడు చేయండి.

ఉదయగిరి_కోట

చట్టం వైపు ఒక్క మాట. బ్యాటరీ మార్చుకోవడం వేరు, సీట్లు తీయడం, పైకప్పు కోయడం వేరు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీవో అనుమతి ఉండాలి. ప్యానెల్ పెట్టిన సంగతి బీమా కంపెనీకీ రాసి ఇవ్వండి. ట్యూబులర్లని పాత ఇనుము బండికి వేయకండి, బ్యాటరీ డీలరుకే తిరిగి ఇవ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఉన్నాయి.

కావలి_ట్రావెలర్

సామాను వచ్చింది, బిగించాను. రెండు చిక్కులు. ఒకటి, ఇన్వర్టర్ కేబులు తగిలించగానే టప్‌మని నిప్పురవ్వ వచ్చి బ్యాటరీలు రెండూ ఆగిపోయాయి. కాసేపటికి వాటంతట అవే వచ్చాయి. రెండు, నిన్నటి నుంచి వాడుతున్నా వోల్టేజీ 13.2 దగ్గరే కదలడం లేదు. ఎంత మిగిలిందో ఎట్లా తెలుస్తుంది?

ఆటోనగర్_నెల్లూరు

మొదటిది ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్ల పని. ఖాళీగా ఉన్నప్పుడు క్షణం సేపు వందల ఆంప్స్ లాగుతాయి, బీఎంఎస్ దాన్ని షార్ట్ అనుకొని తెంచింది. ఇన్వర్టర్ స్విచ్ ఆఫ్‌లో ఉంచి, ప్లస్ కేబులుకీ టెర్మినల్‌కీ మధ్య 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు పట్టుకోండి. వెలిగి ఆరిపోద్ది. ఆరిందంటే కెపాసిటర్లు నిండినట్టు, వెంటనే కేబులు బిగించండి. ఆరకుండా వెలుగుతానే ఉంటే ఎక్కడో లోడు ఉన్నట్టు, లేదా ప్లస్ మైనస్ తారుమారైనట్టు. అప్పుడు బిగించొద్దు.

కంభం_సెల్స్

రెండోది లిథియం స్వభావం. 13.2 అంటే 70 శాతమూ కావచ్చు, 13.1 అంటే 40కి దగ్గర. పదో వంతు వోల్టులో అంత తేడా. 12.8కి దిగేసరికి ఇరవై లోపే మిగులుతుంది, ఆ తర్వాత జారుడుబల్లే. వోల్టేజీ చూసి కాదు, వచ్చిన కరెంటూ పోయిన కరెంటూ లెక్కపెట్టే షంట్ అనే మీటరు పెట్టుకోవాలి. షంట్ మైనస్ దారిలో, బ్యాటరీ వైపు బ్యాటరీ కేబులు ఒక్కటే, మిగతావన్నీ, అంటే సోలార్, డీసీ-డీసీ, ఇన్వర్టర్, చాసీ, అవతలి వైపు. ఒక్క మైనస్ వైరు నేరుగా బ్యాటరీకి తగిలినా లెక్క తప్పుతుంది. సెట్టింగులు: కెపాసిటీ 200, ప్యూకర్ట్ (పెద్ద లోడుకి తరిగే లెక్క) 1.05, ఛార్జ్ ఎఫిషియన్సీ 99, ఛార్జ్డ్ వోల్టేజీ 14.0, టెయిల్ కరెంట్ (నిండిందని తేల్చే చివరి కరెంటు) 4 శాతం. మే నెలకి 13.8కి దించితే ఛార్జ్డ్ వోల్టేజీ కూడా 13.6కి దించాలి, లేకపోతే అది ఎప్పటికీ 100 చూపించదు.

మైపాడు_ఉప్పుగాలి

కుక్కర్ పెట్టి పావుగంట అయినాక ప్రతి లగ్గునీ, ఫ్యూజు బేసునీ చేత్తో తాకి చూడండి. ఒకటి మాత్రమే వేడిగా ఉంటే అది వదులు. 500 కిలోమీటర్లు తిరిగినాక మెయిన్ స్విచ్ తీసి అన్నీ ఇంకోసారి బిగించండి.

కావలి_ట్రావెలర్

బల్బు కిటుకు పనిచేసింది. షంట్ పెడుతున్నాను. లగ్గుల్లో ఒకటి నిజంగానే వెచ్చగా ఉంది, ఇన్వర్టర్ మైనస్ వైపుది, మళ్లీ క్రింప్ చేయిస్తాను. చివరిగా, ఎప్పుడైనా పూర్తిగా ఖాళీ అయ్యి బీఎంఎస్ తెంచేస్తే, పొద్దున్నే సోలార్‌తో తనే లేస్తుందా?

ఆటోనగర్_నెల్లూరు

చాలా వరకు లేవదు. బీఎంఎస్ తెంచినాక టెర్మినల్ మీద సున్నా చూపిస్తుంది. ఎంపీపీటీకి మొదలవ్వాలంటే ముందర బ్యాటరీ వోల్టేజీ కనపడాల. ప్యానెల్ మీద ఎండ కాస్తానే ఉంటుంది, అది నిద్రపోతానే ఉంటుంది. లోడ్లు అన్నీ, ఇన్వర్టర్ కూడా, ఆపేసి, ఇంజిన్ బ్యాటరీ ప్లస్ నుంచి లిథియం ప్లస్‌కి అదే 21 వాట్ల బల్బు గుండా వైరు తగిలించండి, మైనస్ మైనస్‌కి. నేరుగా తగిలించొద్దు, ఖాళీ లిథియం ఒక్కసారిగా లాగుద్ది. కొన్ని క్షణాల్లో బీఎంఎస్ లేస్తుంది. అప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి డీసీ-డీసీని పనిచేయనియ్యండి, బల్బు తీసెయ్యండి.

ఒకవేళ బండి నెలల తరబడి అట్టా ఖాళీగా పడుండి ఏదైనా సెల్ 2 వోల్టుల కిందికి పోయుంటే ఛార్జ్ చేయొద్దు. లోపల రాగి కరిగుంటుంది, నింపితే షార్ట్ అయ్యే ప్రమాదం. ఆ ప్యాకు తీసెయ్యడమే.

ప్యాకు విప్పేటప్పుడు ప్యానెల్ ఎంసీబీ ముందు దించండి, తర్వాత బ్యాటరీ. బిగించేటప్పుడు బ్యాటరీ ముందు, ప్యానెల్ తర్వాత. ఆ బల్బు, హోల్డరు, రెండు మీటర్ల వైరు, మొసలి క్లిప్పులు నాలుగు ఒక డబ్బాలో వేసి బండిలోనే ఉంచుకోండి. కంభం చెరువు గట్టు మీద రాత్రిపూట అవి దొరకవు.